తూంకుంట నుంచి డల్లాస్ దాకా: కాళ్లు లెక్కపెట్టే దూరం



మా తూంకుంటలో ఉదయపు నడకకు వచ్చేవారిలో సగం మందికి పైగా విదేశాలలో పిల్లలున్నవారే. రాజీవ్ రహదారి మీద లారీల రద్దీ మొదలవకముందే మేము నలుగురైదుగురం కాలనీ లోపలి బాటల్లో రెండు చుట్లు తిరిగి, వేపచెట్టు కింది సిమెంటు బల్ల మీద కూర్చుంటాము. హకీంపేట వైమానిక స్థావరం నుంచి లేచిన శిక్షణ విమానాలు నెత్తిమీదుగా వెళ్తుంటే మాటలు కాసేపు ఆగుతాయి. చప్పుడు తగ్గగానే మళ్లీ అందుకుంటాయి. ఆ మాటలు ఎక్కడ మొదలైనా చివరకు అమెరికా దగ్గరకే చేరుతాయి.

గత వారం మాలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన ఫోను నా ముందుకు చాపి, "డాక్టరుగారూ, డల్లాస్ పద్నాలుగు వేల నాలుగు వందల కిలోమీటర్లని చూపిస్తోంది. ఈ వయసులో అంత దూరం తట్టుకోగలమంటారా?" అని అడిగారు. వచ్చే నెలలో కుమార్తె పురిటికి దంపతులిద్దరూ బయలుదేరుతున్నారు. ఆయనకు డెబ్బై ఒకటి, ఆమెకు అరవై ఆరు. ఆయనకు మధుమేహం, ఆమెకు మోకాళ్ల నొప్పులు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 2017లో ఇదే ఊరి నుంచి, ఇదే నగరానికి, ఇదే పని మీద నేనూ మా శ్రీమతీ వెళ్లాము. ముప్ఫై ఏళ్లకు పైగా వైద్యం చేసినవాణ్ని. ఆ ప్రయాణంలో నేను చేసిన పొరపాటు ఒకటుంది. దానిని ఇంతకాలం ఎక్కడా రాయలేదు. మాస్టారి ప్రశ్న విన్నాక రాయక తప్పదనిపించింది.

విమానం లెక్క

ముందుగా ఆ పద్నాలుగు వేల నాలుగు వందల సంగతి చూద్దాము. గోడకు తగిలించిన ప్రపంచ పటంలో హైదరాబాదు నుంచి డల్లాస్‌కు గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమరకు పోతుంది. భూమి బల్లపరుపుగా లేదు కనుక ఆ గీత సరైనది కాదు. పిల్లలు చదువుకునే గ్లోబు తెచ్చి, రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగి చూడండి. ఆ దారం ఉత్తరానికి ఎక్కి, ధ్రువానికి చాలా దగ్గరగా వెళ్లి, అటువైపు కెనడా మీదుగా దిగుతుంది. ఎందుకంటే డల్లాస్ మనకు దాదాపు భూగోళపు అవతలి ముఖాన ఉంది. రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలు. అయిదు డిగ్రీలు ఎక్కువైతే సరిగ్గా వెనుకవైపే. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా ఉండగల అత్యధిక దూరం 20,000 కిలోమీటర్లు. అందులో పదింట ఏడు వంతులకు పైగా దూరం మనం మన మనవలను చూడడానికి వెళ్తున్నాము.

ఇంత దూరాన్ని ఆగకుండా దాటే విమానాలు ప్రపంచంలో లేకపోలేదు. సింగపూరు నుంచి న్యూయార్క్‌కు నడిచే విమానం 15,300 కిలోమీటర్లకు పైగా ఒకే ఊపులో ఎగురుతుంది. అందుకు పద్దెనిమిది గంటలకు పైనే పడుతుంది. మన శంషాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిర్ ఇండియా నేరుగా షికాగోకు విమానం నడపడం మొదలుపెట్టి కొంతకాలం కొనసాగించింది. ఆ దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. డల్లాస్‌కు వెళ్లే మనవాళ్లు ఎక్కువగా గల్ఫ్ మీదుగానే వెళ్తారు. హైదరాబాదు నుంచి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. దుబాయి నుంచి డల్లాస్ సుమారు 12,900 కిలోమీటర్లు, పదహారు గంటలు. రెండూ కలిపితే తిన్నని దారికన్నా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. అంటే మధ్యలో దిగడం వల్ల దూరంలో పెద్దగా నష్టం లేదు. ఆరోగ్యరీత్యా అందులో లాభమే ఉందని తర్వాత చెబుతాను.

గుమ్మం నుంచి గుమ్మం దాకా

టికెట్టు మీద ముద్రించిన గంటలు విమానానివి. మన శరీరం మాత్రం ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచే లెక్క మొదలుపెడుతుంది.

విమానాశ్రయం బేగంపేటలో ఉన్న రోజుల్లో తూంకుంట వారికి అది నగరానికి ఇవతలి వైపే. 2008 మార్చిలో శంషాబాద్‌కు మారాక నగరానికి ఆ చివరన పడింది. శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి, కీసర, ఘట్‌కేసర్, పెద్ద అంబర్‌పేట మీదుగా చుట్టి వెళ్తే డెబ్బై కిలోమీటర్లకు అటూఇటూ. సామాను ఎక్కించుకుని వెళ్లేసరికి గంటన్నర అనుకోండి. మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. ఆపైన నాలుగు గంటల విమానం, నాలుగు గంటల విరామం, పదహారు గంటల విమానం. దిగాక ఇమ్మిగ్రేషన్ వరుస, సామాను, కూతురింటికి కారు ప్రయాణం కలిపి మరో రెండున్నర గంటలు. మొత్తం ముప్ఫై ఒక్క గంటలు.

మేము గురువారం సాయంత్రం అయిదు గంటలకు తూంకుంటలో తాళం వేశాము. డల్లాస్‌లో మా అమ్మాయి ఇంటి తలుపు దగ్గర నిలబడినప్పుడు అక్కడి గడియారం శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర చూపిస్తోంది. రెండు గడియారాలను పక్కపక్కన పెట్టి చూసినవారెవరైనా ఇరవైన్నర గంటలేగా అనుకుంటారు. శరీరం గడిపినవి మాత్రం ముప్ఫై ఒకటి. ఆ సమయానికి తూంకుంటలో శుక్రవారం అర్ధరాత్రి.

ఆ ముప్ఫై ఒక్క గంటల్లో మా శ్రీమతి ఎంతసేపు నడిచిందని ఎవరైనా అడిగి ఉంటే నేను సిగ్గుపడవలసి వచ్చేది.

మా శ్రీమతి ఎడమకాలు

ఆవిడ అయిదడుగులకు కాస్త పైన. విమానంలో సీటుకు వెన్ను ఆనించి కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనవు. సీటు అంచు తొడల కింద ఒత్తుతుంటుంది. మేఘాలు చూడవచ్చని నేనే ఆవిడకు కిటికీ సీటు ఇప్పించాను. ఆవిడ పక్కన నేను, నా పక్కన నడవ వైపు ఒక విదేశీ యువకుడు. అతడు నిద్రపోయాడు. లేవాలంటే అతణ్ని లేపాలి. "ఏమండీ, పాపం ఆ అబ్బాయిని లేపడమెందుకు? నాకేం అవసరం లేదులెండి" అంది. మళ్లీమళ్లీ లేవవలసి వస్తుందేమోనని మంచినీళ్లు కూడా గుక్కెడు గుక్కెడుగా తాగింది. నేను సినిమా చూస్తూ కునుకు తీశాను. పదహారు గంటల్లో ఆవిడ ఒక్కసారే లేచింది.

దుబాయిలో కాస్త నడిచి ఉండవచ్చు. కానీ ఇంగ్లీషు రాదని, గేటు వెతుక్కోవడం కష్టమని మేము ముందుగానే ఇద్దరికీ వీల్‌చైరు కోరి ఉన్నాము. కనుక ఆ నాలుగు గంటలూ కూడా కూర్చునే గడిచాయి.

దిగేసరికి ఆవిడ రెండు పాదాలూ వాచి ఉన్నాయి. చాలాసేపు కూర్చున్నవారికి అది మామూలే. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గింది కూడా. నాలుగో రోజున ఎడమ పిక్క పట్టేసినట్టుందని అంది. "ప్రయాణపు బడలిక, ఇక్కడి చలి" అన్నాను. ఆ రాత్రి నొప్పి బామ్ రాసి, మన ఇళ్లలో చేసినట్టే పిక్కను గట్టిగా పిసికాను కూడా. మరునాడు ఆవిడ వంటగదిలో కుంటుతూనే పనిచేసింది. కూతురికి తొమ్మిదో నెల; తల్లి ఊరుకుంటుందా?

అయిదో రోజు సాయంత్రం మా అమ్మాయి తల్లి పాదాల దగ్గర కూర్చుని గోళ్లు తీస్తూ, "నాన్నా, అమ్మ రెండు కాళ్లూ ఒకేలా లేవు, చూశారా?" అంది. సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే పిల్ల చూసినది వైద్యుడినైన నేను చూడలేదు. వంగి చూశాను. ఎడమ పిక్క కుడిదానికన్నా స్పష్టంగా లావుగా, వెచ్చగా, కాస్త ఎర్రగా ఉంది. కుట్టు టేపు తెప్పించి కొలిచాను. మూడు సెంటీమీటర్లకు పైనే తేడా. ఆ క్షణంలో నా కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఎందుకంటే అది ఏమై ఉంటుందో, అది కదిలితే ఎక్కడికి పోతుందో, నిన్న రాత్రి నేను దానిని పిసికి ఎంత ప్రమాదం కొనితెచ్చానో నాకు ఒక్కసారిగా తెలిసివచ్చింది.

ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాము. డాప్లర్ స్కాన్‌లో మోకాలి వెనుక లోతైన సిరలో రక్తపు గడ్డ కనిపించింది. అదృష్టవశాత్తు అది ఊపిరితిత్తులకు చేరలేదు. వెంటనే రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు మొదలుపెట్టారు. మూడు నెలలు వాడాలన్నారు. పదకొండు రోజుల తర్వాత మనవరాలు పుట్టింది. మా శ్రీమతి ఆ పసిగుడ్డును చేతుల్లోకి తీసుకున్నప్పుడు పక్కన నిలబడి నేను ఏమి ఆలోచించానో ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. ఈ వ్యాసం చదివి తెలుసుకుంటుంది.

రక్తం ఎందుకు గడ్డకడుతుంది?

గుండె రక్తాన్ని కాళ్లకు పంపుతుంది. అక్కడి నుంచి పైకి తెచ్చే పని చాలావరకు పిక్క కండరాలది. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క బిగుసుకుని, లోపలి సిరలను పిండి, రక్తాన్ని పైకి నెడుతుంది. సిరల్లోని కవాటాలు అది తిరిగి కిందికి జారకుండా అడ్డుకుంటాయి. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. మనం కూర్చుండిపోతే ఆ రెండో గుండె ఆగినట్టే. మోకాలు మడిచి ఉండటం, సీటు అంచు ఒత్తడం వల్ల రక్తపు నడక మరింత మందగిస్తుంది. నిలిచిన నీటిలో నాచు పట్టినట్టు, నిలిచిన రక్తంలో గడ్డకట్టే గుణం పెరుగుతుంది. దీనినే డీప్ వీన్ త్రాంబోసిస్, క్లుప్తంగా డీవీటీ అంటారు. ఆ గడ్డ విడివడి గుండె మీదుగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లోకి పోయి అడ్డుపడితే పల్మనరీ ఎంబాలిజం. అది ప్రాణాంతకం కాగలదు.

దీనికి మూలం విమానమే అనుకోకండి. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో జనం భూగర్భ ఆశ్రయాలలో మడతకుర్చీల మీద రాత్రంతా కూర్చునేవారు. అలా గడిపినవారిలో కొందరు ఊపిరితిత్తులలో గడ్డ అడ్డుపడి హఠాత్తుగా మరణించడాన్ని కీత్ సింప్సన్ అనే వైద్యుడు గమనించి 1940లో లాన్సెట్ పత్రికలో రాశాడు. వారు ఎక్కడికీ ప్రయాణం చేయలేదు. ఒక్క కిలోమీటరు కూడా కదలలేదు. కుర్చీ అంచు, వంగిన మోకాళ్లు, గడిచిన గంటలు, ఇవే కారణం. 1954లో అమెరికా శస్త్రవైద్యుడు జాన్ హోమన్స్ విమానంలోనూ కారులోనూ ఎక్కువసేపు కూర్చున్నవారిలో ఇదే చూశాడు. 1977లో దీనికి ఎకానమీ క్లాస్ సిండ్రోమ్ అనే పేరు పుట్టింది. ఆ పేరు తప్పుదారి పట్టించేది. ఖరీదైన సీటులో కూర్చుని కదలకపోయినా, కారులోనో బస్సులోనో కదలకుండా కూర్చున్నా ఇది రావచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమై జరిపించిన పరిశోధన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. నాలుగు గంటలు, అంతకుమించిన ప్రయాణం చేసినవారిలో ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని అందులో తేలింది. కానీ భయపడకండి. ఆరోగ్యవంతులలో అది దాదాపు ఆరు వేల మందిలో ఒకరికే. ప్రయాణం ఎంత ఎక్కువసేపైతే అంత ఎక్కువ. తక్కువ కాలంలో పలుమార్లు ప్రయాణిస్తే ఇంకా ఎక్కువ. స్థూలకాయులకు, మరీ పొడవైనవారికి, మరీ పొట్టివారికి, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడే స్త్రీలకు, రక్తం గడ్డకట్టే స్వభావం పుట్టుకతోనే ఉన్నవారికి కూడా ముప్పు అధికం. వీటికితోడు గతంలో గడ్డకట్టినవారు, క్యాన్సర్ రోగులు, ఈమధ్యనే శస్త్రచికిత్స అయినవారు, గర్భిణులు, బాలింతలు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి.

"మరీ పొట్టివారు" అన్న మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. ఆ నివేదిక గురించి నేను సర్వీసులో ఉండగానే చదివాను. అందులో 160 సెంటీమీటర్లకన్నా తక్కువ ఎత్తు అని స్పష్టంగా ఉంది. మన అమ్మలూ అత్తలూ చాలామంది ఆ ఎత్తువారే. నా పక్క సీటులో కూర్చున్నావిడా అంతే.

ఊటీ ఎత్తులో పదహారు గంటలు

విమానం పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది. లోపలి గాలిని మాత్రం ఆరు వేల నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉండే పీడనం దగ్గర నిలుపుతారు. ఊటీ ఎత్తు ఏడు వేల అడుగులకు పైన. అంటే సుమారు 1,800 అడుగుల ఎత్తున ఉండే హైదరాబాదు మనిషిని తీసుకెళ్లి పదహారు గంటలు ఊటీ కొండ మీద కూర్చోబెట్టినట్టు. ఆరోగ్యవంతులకు రక్తంలో ఆక్సిజన్ కొద్దిగా తగ్గుతుంది, వారికి అది తెలియనే తెలియదు. తీవ్రమైన ఆస్తమా, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, గుండె బలహీనత, బాగా ముదిరిన రక్తహీనత ఉన్నవారికి తెలుస్తుంది. నాలుగు అడుగులు వేస్తేనే ఆయాసం వచ్చేవారు టికెట్టు కొనకముందే వైద్యుణ్ని కలవాలి. కొందరికి విమానంలో ఆక్సిజన్ అవసరమవుతుంది. దానికి విమాన సంస్థకు ముందుగానే తెలపాలి.

ఆ గాలి పొడిగా కూడా ఉంటుంది. తేమ ఇరవై శాతానికి లోపే. పెదవులు, కళ్లు, ముక్కు ఎండిపోతాయి. ఆ పొడితనం ఒక్కటే రక్తాన్ని చిక్కబరుస్తుందనడం అతిశయోక్తి. అయినా నీళ్లు మానేసి కూర్చోవడం మంచిది కాదు. పైగా నీళ్లు తాగినవారు మూత్రవిసర్జనకు లేస్తారు, లేచినప్పుడు నడుస్తారు. మా శ్రీమతి ఏ భయంతో నీళ్లు తగ్గించిందో అదే ఆవిడకు కావలసిన మందు.

శరీరంలోని గడియారం

వేసవిలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనుక, చలికాలంలో పదకొండున్నర. అంటే రాత్రి పగలు తారుమారు. మెదడులో వెలుతురును బట్టి నడిచే ఒక చిన్న గడియారముంది. నిద్ర, ఆకలి, ఒంటి వేడి, హార్మోన్లు దాని అదుపులోనే నడుస్తాయి. అది రోజుకు సుమారు ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది. కనుక వెళ్లిన వారం పది రోజుల దాకా రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, మధ్యాహ్నం భోజనం దగ్గర కునికిపాట్లు పడితే కంగారుపడనవసరం లేదు. పగటి వెలుతురులో బయట నడవండి; మధ్యాహ్నపు నిద్రను అరగంటకు మించనీయకండి. పురిటికి వెళ్లే తల్లులకు నాదొక మనవి: వీలైతే కాన్పు తేదీకి మూడు వారాల ముందే చేరుకోండి. మీ శరీరం నిలదొక్కుకున్నాకనే పసిబిడ్డ రాత్రుళ్లు మొదలవ్వాలి.

మధుమేహులకు ఇక్కడ ఒక చిక్కుంది. పడమరకు వెళ్తుంటే ఆ రోజు ఇరవై నాలుగు గంటలతో ముగియదు. వేసవిలో ముప్ఫై నాలుగున్నర గంటలకు సాగుతుంది. భోజనాలు పెరుగుతాయి, రోజుకొక్కసారి తీసుకునే ఇన్సులిన్ వేళ జరిగిపోతుంది. తిరుగు ప్రయాణంలో రోజు కుంచించుకుపోతుంది; అప్పుడు అలవాటుగా రెండు మోతాదులు దగ్గరదగ్గరగా పడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఈ సర్దుబాటు ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటుంది. బయలుదేరడానికి రెండు వారాల ముందు విమాన వేళలు కాగితం మీద రాసుకుని మీ వైద్యుడి దగ్గరకు వెళ్లండి. ఏ గంటకు ఏ మందు అన్నది మన కాలమానంలోనూ అక్కడి కాలమానంలోనూ రాయించుకోండి. ఇన్సులిన్‌ను ఎప్పుడూ చేతిసంచిలోనే ఉంచుకోవాలి. కింద సామానులో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు, సామాను తప్పిపోనూవచ్చు. చీటీ, గ్లూకోమీటరు, నాలుగు బిస్కెట్లు, కాస్త చక్కెర కూడా దానితోపాటే.

మాస్టారికి రాసిచ్చిన కాగితం

ఆ మరునాడు మాస్టారింటికి వెళ్లి ఒక కాగితం మీద కొన్ని మాటలు రాసిచ్చాను. మీకూ అవే చెబుతున్నాను.

ఒకటి. నడవ పక్క సీటు తీసుకోండి. మేఘాలు ఎక్కడికీ పోవు.

రెండు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకొకసారి లేచి విమానం వెనుకదాకా నడిచి రండి. పక్కవారిని లేపడానికి మొహమాటపడకండి. సీటు బెల్టు దీపం వెలిగినప్పుడు కూర్చునే పాదాలను పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించండి. మడమలు నేలకానించి వేళ్లెత్తండి, వేళ్లానించి మడమలెత్తండి.

మూడు. పాదాలు నేలకానని వారు కాళ్ల కింద చిన్న సంచి పెట్టుకోండి. అయితే కాళ్లు చాపుకునే చోటంతా సామానుతో నింపకండి. బిగుతు దుస్తులు, కాళ్లు పెనవేసి కూర్చోవడం వద్దు.

నాలుగు. పైన చెప్పిన ముప్పు ఉన్నవారు మోకాలి కింది దాకా ఉండే ఒత్తిడి మేజోళ్లు ధరించాలి. కొలత తీసి కొనాలి. మడమ దగ్గర బిగువు ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా ఉండాలి. కాళ్లలో ధమనులు పూడినవారికి ఇవి హాని చేస్తాయి. వైద్యుణ్ని అడగనిదే వాడకండి.

అయిదు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ వేసుకోకండి. కేవలం ప్రయాణపు గడ్డలను ఆపడానికి దానిని వాడమని వైద్య మార్గదర్శకాలు చెప్పడం లేదు. గుండె కోసం ముందునుంచీ వాడుతున్నవారు మాత్రం మానకూడదు. ముప్పు చాలా ఎక్కువ ఉన్నవారికి అవసరమైతే వేరే మందును వైద్యుడే నిర్ణయిస్తాడు.

ఆరు. నిద్రమాత్రలు, మద్యం వద్దు. మత్తు నిద్రలో మనిషి కాలు కూడా కదపడు.

ఏడు. నడవగలిగినవారు మధ్య విమానాశ్రయంలో నడవండి. వీల్‌చైరు కోరుకోవడం తప్పు కాదు. భాష రాని చోట అదే మనకు దారి చూపే తోడు. అయితే గేటు దగ్గర దింపాక మిగిలిన సమయమంతా కుర్చీలోనే ఉండకండి. గేటు కనుచూపుమేరలో ఉంచుకుని అటూ ఇటూ పచార్లు చేయండి. ఒకసారి దిగి మారే ప్రయాణంలో ఉన్న లాభమిదే.

ఎనిమిది. ఇది అన్నిటికన్నా ముఖ్యం. చేరాక నాలుగు వారాలపాటు కాళ్లను గమనించుకోండి. రెండు పాదాలూ సమానంగా వాచి, ఒకటి రెండు రోజుల్లో తగ్గితే భయం లేదు. ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి, వేడి ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆ కాలిని పిసకకూడదు, నూనె మర్దన చేయకూడదు. హఠాత్తుగా ఆయాసం, గాలి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా క్షణం ఆలస్యం చేయక అత్యవసర సేవలను పిలవాలి. అమెరికాలో ఆ నంబరు 911. "ఈమధ్యే దూర ప్రయాణం చేశాను" అని మీ అంతట మీరే చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యుడికి సగం దారి చూపిస్తుంది.

పిల్లలకు ఇబ్బంది అవుతుందని, ఖర్చవుతుందని, బీమా వస్తుందో రాదోనని మన పెద్దవాళ్లు నొప్పిని దాచుకుంటారు. మా శ్రీమతి రెండు రోజులు దాచింది. చెప్పాక ఇంకో రోజు నేను తోసిపుచ్చాను. దాచినందుకు ఆవిడను నేనేమీ అనలేకపోయాను. ఇంట్లో ఒక డాక్టరుండి కూడా అలా జరిగిందంటే, లేనివారి సంగతి మీరే ఆలోచించండి.

మాస్టారు కాగితాన్ని రెండుసార్లు చదివి, కొడుకుకు ఫోను చేసి రెండు సీట్లూ నడవ పక్కకు మార్పించారు, ఒకరి ఎదురుగా ఒకరు వచ్చేలా. ఆపైన, "మరి నేనడిగినదానికి జవాబు చెప్పలేదు డాక్టరుగారూ, తట్టుకోగలమా?" అన్నారు.

"దూరాన్ని విమానం చూసుకుంటుంది మాస్టారూ. మీరు గంటకొకసారి లేవండి చాలు. తట్టుకుంటారు" అన్నాను.

మా శ్రీమతి ఆ తర్వాత మరో రెండుసార్లు డల్లాస్ వెళ్లివచ్చింది. రెండుసార్లూ వైద్యుడి సలహా తీసుకునే, మేజోళ్లు ధరించే వెళ్లింది. ఇప్పుడు పక్కవారిని లేపడానికి ఆవిడకు ఏ మొహమాటమూ లేదు. నేను కునుకు తీస్తుంటే నన్నూ లేపి నడిపిస్తుంది.

ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. మీ మందులు, మీ ప్రయాణం గురించి తుది నిర్ణయం మిమ్మల్ని పరీక్షించిన వైద్యుడిదే. మీలో ఎవరి తల్లిదండ్రులైనా ఈ నెలలో బయలుదేరుతుంటే, వారికి దీనిని చదివి వినిపించండి. ఇప్పటికే చేరుకుని ఉంటే, ఈ పూట వారి రెండు కాళ్లూ ఒకసారి పక్కపక్కన పెట్టించి చూడండి.

శుభమస్తు. ఆరోగ్యమస్తు.